ఆయుధ పరీక్ష లేకుండా సైనిక వికిరణ కవచ ప్రయోగం: ప్రణాళిక ఎలా వేసుకోవాలి

1953 అక్టోబరు 15న దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎమూ ఫీల్డ్‌లో బ్రిటన్ టోటెమ్-1 అణు పరీక్ష జరిపినప్పుడు, పేలుడు కేంద్రానికి అర కిలోమీటరు కూడా లేని దూరంలో ఒక సెంచూరియన్ ట్యాంకును నిలబెట్టి, సిబ్బంది కూర్చునే చోట్ల మనిషి బొమ్మలను ఉంచి వదిలిపెట్టారు. ట్యాంకు తట్టుకుంది. తర్వాత దాన్ని నడుపుకుంటూనే అక్కడి నుంచి తీసుకువెళ్లగలిగారు. అయితే ఉక్కు నిలబడడం వేరు, ఉక్కు వెనుక కూర్చున్న మనిషి బతకడం వేరు. కవచ ప్రయోగం జవాబు చెప్పవలసింది ఈ రెండో ప్రశ్నకే.

బాంబు పరీక్షల కాలంలో ఈ కొలతలు తీసుకున్నవారికి అవకాశం ఒక్కసారే దక్కేది. వికిరణాన్ని కొలిచే ఒక డిటెక్టరును తప్పు చోట పెడితే దాన్ని సరిచేసుకోవడానికి మరో పేలుడు దాకా ఆగాలి. 1963 నాటి పాక్షిక పరీక్షా నిషేధ ఒప్పందం వాతావరణంలోనూ, అంతరిక్షంలోనూ, నీటి అడుగునా పరీక్షలను నిషేధించింది. 1996లో సంతకాలకు తెరిచిన సమగ్ర నిషేధ ఒప్పందం ఇంకా అమల్లోకి రాకపోయినా, కవచాలను పరీక్షించే పని ఇప్పుడు రియాక్టర్ల దగ్గరా, లోహపు గుళికలో మూసిన రేడియోధార్మిక పదార్థాల (సీలు చేసిన మూలాల) దగ్గరా, కంప్యూటరు గణనల్లోనూ సాగుతోంది. దీన్ని నేను లోటుగా భావించను. అదే కొలతను పదిసార్లు తీసుకోగలగడం ఏ పేలుడూ ఇవ్వలేని సౌకర్యం. సైనిక వాహనం, కందకం, ఆశ్రయం వంటి వాటి వికిరణ రక్షణను ఈ పద్ధతిలో కొలవాలనుకునేవారికి ప్రణాళికను మొదటి నుంచి చివరి దాకా ఎలా వేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"ఈ కవచం ఎంత బాగా పనిచేస్తుంది?" అనేది ప్రశ్న కాదు. దేని నుంచి, ఎవరికి, ఏ భంగిమలో, ఎంతసేపు అనే నాలుగు మాటలూ అందులో చేరితేనే అది ప్రయోగానికి పనికివచ్చే ప్రశ్న అవుతుంది. అణు పేలుడు విషయంలో వికిరణాన్ని రెండుగా విడదీసి చూస్తారు. పేలిన తర్వాత మొదటి నిమిషంలో వెలువడే గామా కిరణాలనూ న్యూట్రాన్లనూ తొలి వికిరణం అంటారు. ఆ తర్వాత మిగిలేది, ముఖ్యంగా నేల మీద పరుచుకునే అణుధూళి నుంచి వచ్చేది, శేష వికిరణం. ఈ రెంటికీ కావలసిన కవచాలు ఒకటి కావు. తొలి వికిరణం ప్రధానంగా పేలుడు దిక్కు నుంచే వస్తుంది, అందులో న్యూట్రాన్లు ఉంటాయి. అణుధూళి గామా అన్ని వైపుల నుంచీ, ప్రధానంగా నేల మట్టం నుంచి వస్తుంది. ఫిరంగి గుళ్లను ఆపడానికి ముందు భాగంలో మందంగా పోసిన ఉక్కు, పలచని అడుగు రేకు గుండా లోపలికి వచ్చే గామాను ఏమీ చేయలేదు. అందుకే రెండు ప్రశ్నలకు రెండు ప్రయోగాలు వేసుకోండి, ఒకే రోజున ఒకే అమరికతో రెంటినీ తేల్చాలని ప్రయత్నించకండి.

పరీక్షల కాలంలో ఈ రెండు వికిరణాలూ ఒకేచోట కలిసి ఉండడం నిజంగానే పెద్ద చిక్కు. న్యూట్రాన్లను పట్టే రేకులను తీగలకు కట్టి, పేలుడు అయిన తర్వాత ఆ తీగలను దూరం నుంచి లాగి రేకులను బయటికి తెచ్చుకునేవారు. మనుషులు వికిరణ క్షేత్రంలోకి అడుగుపెట్టకుండా ఉండడం ఒక కారణమైతే, న్యూట్రాన్లు తగలడంతో రేకుల్లో పుట్టి త్వరగా తగ్గిపోయే రేడియోధార్మికతను అది పోకముందే లెక్కించడం మరో కారణం.

కొలవబోయే రాశిని కూడా ఇక్కడే తేల్చుకోండి. సాధారణంగా అది ఒక నిష్పత్తి: కవచం లోపల మనిషి ఉండే బిందువు దగ్గరి డోసును, అంటే అక్కడ పడే వికిరణ మోతాదును, కవచం లేకుండా అదే బిందువు దగ్గరి డోసుతో భాగిస్తే వచ్చేది ప్రసార గుణకం. దాన్ని తలకిందులు చేస్తే రక్షణ గుణకం. "అదే బిందువు" అనే మాటను గట్టిగా పట్టుకోండి. వాహనం పక్కన ఆరుబయట కొలిచినది, వాహనం తొలగించి దాని సీటు ఉండిన ఎత్తులో కొలిచినదానితో సమానం కాదు, ఎందుకంటే పక్కన ఉన్న వాహనం నేల నుంచి వచ్చే కిరణాల్లో కొన్నింటిని ఆపుతుంది, మరికొన్నింటిని మీ డిటెక్టరు వైపు మళ్లిస్తుంది.

పేలుడుకు బదులుగా ఏ మూలం

ఈ విషయంలో 1950, 60ల నాటి ఇచిబాన్ కార్యక్రమం నుంచి నేర్చుకోవలసినది ఎంతో ఉంది. హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడినవారికి తగిలిన డోసును అంచనా వేయాలంటే, ఆ క్షణంలో వారు ఉన్న ఇళ్ల చెక్కా, మట్టి గోడా, పెంకూ ఎంత వికిరణాన్ని ఆపాయో తెలియాలి. అందుకోసం అమెరికాలోని నెవాడా పరీక్షా స్థలంలో జపాను తరహా ఇళ్లను కట్టి, 1957, 1958 సంవత్సరాల పేలుళ్ల సమయంలో కొలతలు తీసుకున్నారు. అయినా సంతృప్తి కలగక, 1962లో అదే చోట 465 మీటర్ల ఎత్తైన గోపురం నిలబెట్టి, కవచం లేని ఒక చిన్న రియాక్టరును దాని మీద వేర్వేరు ఎత్తులకు లేపి కొలతలు తీసుకున్నారు. దీనికి బ్రెన్ ప్రయోగమని పేరు. ఆ తర్వాత గామా మూలంగా కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థాన్ని కూడా వాడారు. పేలుడు ఒక్క మెరుపులో ముగిసిపోతుంది. రియాక్టరును మాత్రం కావలసినంతసేపు నడపవచ్చు, ఎత్తు మార్చవచ్చు, ఇంటిని తిప్పి పెట్టి మళ్లీ కొలవవచ్చు. బతికినవారి డోసు అంచనాలకు ఆధారమైన 1965 నాటి పద్ధతి ఈ కొలతల మీద నిలిచింది.

మీ ప్రయోగానికి అంత గోపురం అక్కర్లేదు. అణుధూళి ప్రశ్నకు సీసియం-137 లేదా కోబాల్ట్-60 సరిపోతాయి. సీసియం-137 గామా శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అర్ధ జీవితకాలం, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, సుమారు 30 ఏళ్లు. కోబాల్ట్-60 గామా శక్తులు 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, అర్ధ జీవితకాలం 5.27 ఏళ్లు. కోబాల్టు కిరణాలు లోతుగా చొచ్చుకుపోతాయి కాబట్టి, దానితో వచ్చిన రక్షణ గుణకం కాస్త జాగ్రత్త పక్షాన ఉంటుంది. నేలంతా పరుచుకున్న ధూళిని ఒక్క బిందు మూలంతో ఎలా అనుకరించాలన్న ప్రశ్నకు పాత ప్రయోగకర్తలు చక్కని జవాబు కనిపెట్టారు. పొలానికి నీటి గొట్టం పరిచినట్టు నేల మీద పొడవాటి ప్లాస్టిక్ గొట్టాన్ని వరుసలుగా పరిచి, అందులో సీలు చేసిన కోబాల్టు మూలాన్ని నీటి ఒత్తిడితో ఒకే వేగంతో నడిపించేవారు. డిటెక్టరు ఆ మొత్తం ప్రయాణంలో పోగైన డోసును చూపుతుంది. అది ఎంత వైశాల్యాన్ని కప్పిందో ఆ వైశాల్యంలో సమానంగా ధూళి పడినప్పటి డోసుకు సమానం. చిన్న స్థాయిలో మీరు మూలాన్ని ముందే గుర్తించిన బిందువుల దగ్గర ఒక్కొక్కచోట ఉంచి, ఆ కొలతలను వైశాల్యాల ప్రకారం కూడుకోవచ్చు.

అంచనా కాగితం మీదికి రావాలి

డిటెక్టరును ముట్టుకోకముందే ఫలితం ఎంత వస్తుందో లెక్కించి, తేదీ వేసి, పక్కన పెట్టండి. ఈ ఒక్క పని మిగతా జాగ్రత్తలన్నింటికంటే ఎక్కువ తప్పులను బయటపెడుతుందని నా అనుభవం.

లెక్కలో మొదటి ఉచ్చు పరిక్షేపణం, అంటే కిరణాలు ఢీకొని దారి మళ్లడం. కవచం కిరణాలను ఎంత తగ్గిస్తుందో చెప్పే పుస్తకాల్లోని క్షీణతా గుణకాలు సన్నని పుంజానికి సంబంధించినవి, అంటే కవచంలో ఒక్కసారి ఢీకొన్న ప్రతి ఫోటానూ (గామా కిరణపు కణమూ) డిటెక్టరుకు అందకుండా తప్పుకుంటుందనే ఊహ మీద ఆధారపడినవి. సీసియం-137 కిరణాలకు 5 సెంటీమీటర్ల ఉక్కు పలక ఈ లెక్కలో నూటికి 5 నుంచి 6 వంతులను మాత్రమే వదులుతుంది. నిజమైన వాహనంలో పుంజం వెడల్పుగా ఉంటుంది. పలకలో ఒకచోట ఢీకొని దారి మళ్లిన ఫోటాను మరోచోటి నుంచి సిబ్బంది మీద పడుతుంది, కాబట్టి లోపలికి వచ్చేది దానికి రెండింతలకు పైనే ఉంటుంది. ఈ అదనాన్ని చేర్చే సంఖ్యను సంచయన గుణకం అంటారు. అది చేర్చని అంచనా మిమ్మల్ని అపాయకరమైన పక్షానికి తోస్తుంది.

అణుధూళి గామాను సగానికి తగ్గించే మందాలను చేతికందే దగ్గర రాసి ఉంచుకోండి: ఉక్కుకు సుమారు 1.8 సెంటీమీటర్లు, కాంక్రీటుకు సుమారు 6, మట్టికి సుమారు 9. పది అర్ధ మందాలు పేరిస్తే వెయ్యో వంతుకు తగ్గుతుంది. మట్టి విషయంలో అది ఒక మీటరు లోపే అవుతుంది. ఖరీదైన లోహం కంటే తవ్విన కందకం మెరుగైన రక్షణ ఎందుకు ఇస్తుందో ఈ చిన్న గుణకారంలోనే తెలుస్తుంది.

న్యూట్రాన్ల లెక్క పూర్తిగా వేరు. సీసం, ఇనుము వంటి బరువైన మూలకాలను ఢీకొన్న న్యూట్రాను, గోడకు తగిలిన బంతిలా, పెద్దగా వేగం కోల్పోకుండా తిరిగి వస్తుంది. తనంత బరువున్న హైడ్రోజనును ఢీకొన్నప్పుడే దాని శక్తి బాగా తగ్గుతుంది. అందుకే నీరు, పాలిథిలీన్ పనికివస్తాయి. 1960ల తొలినాళ్లలో సోవియట్ టి-55ఏ ట్యాంకు లోపలి గోడలకు సీసం కలిపిన ప్లాస్టిక్ పొరను అతికించడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. అయితే నెమ్మదించిన న్యూట్రానును హైడ్రోజను పట్టుకున్నప్పుడు 2.22 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా పుడుతుంది. న్యూట్రాన్లను ఆపిన పొరే కొత్త గామాను పుట్టిస్తుందన్న మాట. బోరాను కలిపితే పట్టుకునే పనిలో ఎక్కువ భాగం దానికే దక్కుతుంది, వెలువడే గామా 0.478 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు తగ్గుతుంది. ప్రణాళికలో పొరల వరుసను మార్చి కనీసం రెండు విధాలుగా కొలవడానికి చోటు ఉంచండి, ఎందుకంటే అవే పొరలు, అదే బరువు, వరుస మాత్రం తారుమారైతే ఫలితం మారిపోతుంది.

కవచంలోని సందులు

మందం గురించి ఎంత లెక్కించినా, చివరికి రీడింగును నిర్ణయించేవి తరచుగా సందులే. తలుపు అంచు, చూపు రంధ్రం, గాలి గొట్టం, తీగలు వెళ్లే చిల్లు, పలకల అతుకులు వంటి ప్రతిదాన్నీ బొమ్మ మీద గుర్తించి, ఒక్కొక్కదాని ఎదుట ఒక్కో కొలత బిందువును కేటాయించండి.

ఒకసారి సీసపు ఇటుకలు పేర్చి చేసిన అమరికలో నాకు రీడింగు అంచనాకు మూడింతలు వచ్చింది. రెండు రోజులు డిటెక్టరునే అనుమానించాను. చివరికి చీకటి గదిలో గోడకు అటువైపు టార్చి వెలిగించి చూస్తే, కింది వరుసలో రెండు ఇటుకల మధ్య నిలువునా ఒక వెలుగు గీత కనిపించింది. గోరు దూరనంత సన్నని సందు అది. సీసపు ఇటుకల అంచులు ఒకదానిలో ఒకటి కూర్చునేలా వి ఆకారంలో పోతపోసి ఉండడానికి కారణం ఇదే: అతుకు గుండా తిన్నని దారి ఉండకూడదు. మామూలు ఇటుకలే దొరికితే, రెండో వరుసను సగం ఇటుక జరిపి పేర్చండి. పేర్చిన తర్వాత టార్చితో చూడడాన్ని ప్రణాళికలో ఒక అంశంగానే రాయండి, దానికి పట్టేది పది నిమిషాలు.

డిటెక్టర్ల ఎంపిక

పరీక్షల కాలంలో ఎక్కువగా వాడినవి ఫిల్మ్ బ్యాడ్జీలు, అంటే వికిరణం తగిలి నల్లబడే ఫొటో ఫిల్మ్ ముక్కలు. నేడు ఆ స్థానాన్ని చాలావరకు థర్మోల్యూమినిసెంట్ డోసీమీటర్లు ఆక్రమించాయి. వాటిలో ఎక్కువగా వాడే లిథియం ఫ్లోరైడు చిప్పు సుమారు 3 మిల్లీమీటర్ల పొడవూ వెడల్పూ, ఒక మిల్లీమీటరు లోపు మందంతో, చూడడానికి తెల్లని ప్లాస్టిక్ పలుకులా ఉంటుంది. వేడి చేసినప్పుడు అది తాగిన డోసును వెలుగుగా వదులుతుంది. దాన్ని వేళ్లతో పట్టుకోకండి. వేలి జిడ్డు వేడికి తానూ వెలుగునిచ్చి, లేని డోసును చూపుతుంది. ప్రతి వాడకానికీ ముందు 400 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక గంట, తర్వాత 100 డిగ్రీల వద్ద రెండు గంటలు కొలిమిలో ఉంచి పాత జ్ఞాపకాన్ని చెరిపివేయాలి. న్యూట్రాన్లూ గామాలూ కలిసిన చోట లిథియం-6 అధికంగా ఉన్న చిప్పునూ, లిథియం-7 అధికంగా ఉన్న చిప్పునూ జంటగా పెడతారు. మొదటిది నెమ్మదైన న్యూట్రాన్లకు గట్టిగా స్పందిస్తుంది, రెండోది దాదాపు గామాను మాత్రమే చూస్తుంది, తేడా నుంచి న్యూట్రాన్ల వంతు తేలుతుంది.

కిరణాలను ఒక్కొక్కటిగా లెక్కించే గైగర్ గొట్టాన్ని వాడితే రెండు మోసాలను ముందే లెక్కలోకి తీసుకోండి. కవచం లోపల కిరణాల సగటు శక్తి తగ్గుతుంది. శక్తి సవరణ లేని గైగర్ గొట్టం తక్కువ శక్తి కిరణాలను అతిగా లెక్కిస్తుంది, కాబట్టి కవచం ఉన్నదానికంటే నాసిగా కనిపిస్తుంది. రెండోది మృతకాలం. ప్రతి లెక్కింపు తర్వాత గొట్టం 100 మైక్రోసెకన్లు మూగబోతే, సెకనుకు 1000 అని చూపినప్పుడు అసలు సంఖ్య సుమారు 1111 అన్న మాట. ఈ నష్టం కవచం లేని కొలతలోనే ఎక్కువ, లోపలి కొలతలో దాదాపు ఉండదు. నిష్పత్తి అక్కడే తప్పుతుంది.

డిటెక్టరును మనిషి శరీరం ఉండే చోట ఉంచాలి, గోడకు ఆనించి కాదు. శరీరం కూడా ఒక కవచమే. అందువల్ల నీటితో నింపిన 30 సెంటీమీటర్ల చదరపు, 15 సెంటీమీటర్ల మందపు పెట్టెను మనిషి బదులుగా సీటులో నిలబెట్టి, దాని ముందూ వెనకా చిప్పులు అతికించండి. తల, ఛాతీ, పాదాల ఎత్తులు మూడూ కావాలి. వాహనం అడుగు నుంచి వచ్చే గామా పాదాల దగ్గరే బయటపడుతుంది.

ఎంతసేపు లెక్కించాలి

దీన్ని ముందుగా తేల్చుకోని ప్రయోగాలు సాయంత్రానికి సగంలో ఆగిపోతాయి. లెక్కింపుల సంఖ్య 100 అయితే అనిశ్చితి నూటికి 10, 10,000 అయితే నూటికి ఒకటి. కవచం లోపల చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ మూలం నుంచి వచ్చేది సహజ నేపథ్యంతో, అంటే పరిసరాల్లో ఎప్పుడూ ఉండే వికిరణంతో, పోటీ పడుతుంది. లోపలి రీడింగు నిమిషానికి 40, మూలం లేనప్పుడు అదే చోట నేపథ్యం నిమిషానికి 25 అనుకుందాం. మీకు కావలసిన తేడా 15. దాన్ని నూటికి 5 అనిశ్చితితో పట్టుకోవాలంటే రెండు రీడింగుల్లో ఒక్కొక్కదానికీ దాదాపు రెండు గంటలు వెచ్చించాలి. కవచం లేని కొలతకు ఒక్క నిమిషం చాలు. అందుకే సమయాన్ని బిందువులకు సమానంగా పంచకండి, బలహీనమైన బిందువులకు ఎక్కువ ఇవ్వండి. నేపథ్యాన్ని కవచం అమర్చిన స్థితిలోనే తీసుకోండి, ఎందుకంటే కవచం నేపథ్యాన్ని కూడా తగ్గిస్తుంది.

కవచం లేని కొలతను రోజు మొదట్లోనూ చివర్లోనూ రెండుసార్లు తీసుకోండి. రెండూ కలవకపోతే మధ్యలో ఏదో జరిగిపోయింది, పరికరం జారిందో, మూలం కదిలిందో, విద్యుత్తు తగ్గిందో కనుక్కోవాలి. బిందువుల వరుసను చీటీలు తీసి నిర్ణయించండి. దగ్గరి నుంచి దూరానికి వరుసగా వెళ్తే, పరికరంలో వచ్చే నెమ్మదైన మార్పు దూరం వల్ల వచ్చిన మార్పులా కనిపిస్తుంది.

రియాక్టరు న్యూట్రాన్లతో పనిచేసేవారు శీతలీకరణ సమయాన్ని, అంటే కవచంలో పుట్టిన రేడియోధార్మికత తగ్గేదాకా ఆగే సమయాన్ని, కూడా పట్టికలో చేర్చాలి. ఉక్కులోని మాంగనీసు న్యూట్రానును మింగి, 2.6 గంటల అర్ధ జీవితకాలం గల మాంగనీసు-56 అవుతుంది. కాంక్రీటులోని సోడియం, 15 గంటల అర్ధ జీవితకాలం గల సోడియం-24 అవుతుంది. రియాక్టరు ఆపిన వెంటనే కవచం దగ్గరికి పరిగెత్తకూడదు.

మనుషులూ అనుమతులూ

ఈ భాగాన్ని చివరి పేజీకి నెట్టకండి. 1957 ఆగస్టు 31న నెవాడాలో జరిగిన స్మోకీ పేలుడు దగ్గరికి సైనికులను విన్యాసాల కోసం తీసుకువెళ్లారు. ఏళ్ల తర్వాత వారి మీద జరిగిన అధ్యయనంలో ల్యుకేమియా (రక్త క్యాన్సరు) కేసులు మామూలుగా ఉండవలసిన వాటికంటే ఎక్కువగా కనిపించాయి. కవచం వెనుక మనిషిని కూర్చోబెట్టి కవచాన్ని పరీక్షించే ప్రయోగం ఏ కారణంతోనూ సమర్థనీయం కాదు. నీటి పెట్టె ఉండగా ఆ అవసరం ఎప్పుడూ రాదు.

మూలాన్ని వాడే ముందు మీ దేశపు అణు నియంత్రణ సంస్థ నుంచి లైసెన్సు, సంస్థలోని వికిరణ భద్రతా అధికారి సంతకం తప్పనిసరి. ఉద్యోగులకు అంతర్జాతీయంగా సూచించిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (మనిషికి తగిలే డోసును కొలిచే ప్రమాణం), సాధారణ ప్రజలకు ఏడాదికి ఒకటి. ప్రణాళికలో ప్రతి చర్యకూ, అంటే మూలాన్ని తీయడం, ఉంచడం, తిరిగి పెట్టడం వంటి వాటికి, ఎవరికి ఎంత డోసు తగలవచ్చో ముందే అంచనా రాయండి. పరిమితి లోపల ఉండడం సరిపోదు, తగ్గించగలిగినంత తగ్గించాలి. కోబాల్టు బదులు ఒక ఖాళీ డబ్బాను పెట్టి మొత్తం కార్యక్రమాన్ని గడియారం చేతపట్టుకుని రెండుసార్లు సాధన చేయండి. మూలం బయట ఉన్న ప్రతి సెకనూ లెక్కలోనిదే కాబట్టి, సాధనలో 40 సెకన్లు పట్టిన పనిని 15కు తగ్గించే దారి సాధారణంగా పట్టకారు పొడవులోనో, బల్ల ఎత్తులోనో దొరుకుతుంది.

కొలతల రోజున

మూలంలోని పదార్థం బయటికి కారడం లేదని చూపే తాజా లీకు పరీక్ష ఫలితం చేతిలో లేకుండా మూలాన్ని బయటికి తీయకండి. గదిలోకి అడుగుపెట్టే ప్రతిసారీ చేతిలో పనిచేస్తున్న సర్వే మీటరు (వికిరణాన్ని చూపే చేతి పరికరం) ఉండాలి, మూలం పెట్టెలోకి వెళ్లిందని గోడ మీది దీపం చెప్పినా సరే మీటరు చెప్పేదాకా నమ్మకూడదు. రీడింగులను సిరాతో, అంకెలు మార్చకుండా, సమయంతో సహా రాయండి. తప్పు పడితే గీత కొట్టి పక్కన రాయండి, చెరపకండి. సవరణలన్నీ, అంటే నేపథ్యం, మృతకాలం, మూలం క్షీణత వంటివి, తర్వాత వేరే పేజీలో చేసుకోవచ్చు, ముడి అంకె మాత్రం పుస్తకంలో అలాగే ఉండాలి.

ఫలితం అంచనాకు దూరంగా వస్తే అమరికను విప్పకండి. విప్పిన తర్వాత కారణం దొరకదు. అప్పటికప్పుడు ఫొటోలు తీసి, దూరాలను మళ్లీ కొలిచి, అనుమానించిన సందును అదనపు సీసంతో మూసి మరొక్క రీడింగు తీసుకోండి. అది తగ్గితే దారి దొరికినట్టే. తగ్గకపోతే మీ అంచనాలోని సంచయన గుణకాన్ని మళ్లీ చూడండి.

అంతా అయ్యాక మూలాన్ని దాని పెట్టెలో ఉంచి, తాళం వేసి, దాని క్రమసంఖ్యను చదివి రిజిస్టరుతో సరిపోల్చి, గదిని మూల మూలనా మీటరుతో తిరిగి చూసి, నేపథ్యం ఉదయం ఉన్నంతే ఉందని రాసి, ఇద్దరు సంతకం చేసిన తర్వాతే తలుపు మీది హెచ్చరిక గుర్తును తీయండి.